జత నంబరు ముప్పై ఒకటి

జూన్ 1, ఆదివారం

ఉతికినవి పదిహేడు. తీగ మీంచి తీసినవి పద్దెనిమిది.

ఎక్కువ వచ్చింది ఒక నల్ల చొక్కా. అమ్మాయిది కాదు, నాది కాదు. ఆయనది అసలే కాదు. ఆయన వంతెన పని మీద వెళ్ళి పదకొండు రోజులైంది. వాసన చూశాను. సబ్బు వాసన కింద పొగ, దాని కింద తుప్పు.

"ఎవరిదే ఇది?"

"మిడతదమ్మా. నేనే ఉతికి ఆరేశాను. నీ లెక్కలో కలపకు."

మిడత కింది వాటా టైలరమ్మ కూతురు. ఆ పేరు పెట్టింది నేనే, దానికి ఆరేళ్ళప్పుడు. కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉండేది. ఇప్పుడు పదిహేడేళ్ళొచ్చినా అంతే. అది మా అమ్మాయిని మొద్దు అంటుంది. ఇద్దరూ ఒక కంచంలో తిని పెరిగారు. కానీ ఒకరి బట్టలు ఒకరు ఉతికి ఆరేసుకోవడం ఇదివరకు లేదు.

ఇంటి పద్దుల పుస్తకంలో ఈ చొక్కాకి చోటు లేదు. అందుకే ఈ పుస్తకం మొదలుపెట్టాను.

జూన్ 5, గురువారం

ఇద్దరి ఎడమ మణికట్ల మీదా ఊదారంగు ముద్ర. 31. ఇద్దరిదీ ఒకే అంకె.

"ఏంటది?" అన్నాను.

అమ్మాయి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. మిడత మాత్రం నా ముక్కు కింద పెట్టి చూపించింది. "లైబ్రరీలో వేశారు పెద్దమ్మా."

"లైబ్రరీలో మనుషులకి కూడా ముద్రలేస్తున్నారా?"

"మరి? మమ్మల్ని మళ్ళీ తిరిగిచ్చెయ్యాలి. ఒక్కదాన్నే ఇస్తే తీసుకోరు. సెట్టు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. దాని నోట్లో నువ్వుగింజ నానదు అనుకునేదాన్ని. ఇంత చెప్పి ఏమీ చెప్పకుండా పోయింది.

ముద్ర నిమ్మచెక్కతో రుద్దినా పోలేదు.

జూన్ 8, ఆదివారం

తెల్లవారి అయిదున్నరకి మెట్ల మీద పట్టుకున్నాను. చెప్పులు చేతిలో పట్టుకుని పిల్లిలా ఎక్కుతోంది. కళ్ళు ఎర్రగా, పెద్దగా ఉన్నాయి. మామూలుగా మాట్లాడుతున్నాననుకుంటూ అరుస్తోంది. చెవులు హోరుమంటున్నాయట.

వంటింట్లో కూర్చోబెట్టి అడిగాను. చివరికి చెప్పింది.

వాళ్ళు దాన్ని "కింద" అంటారు. కిందకి వెళ్తున్నాం, కింద కలుద్దాం. మూతపడ్డ గోదాములు, సగంలో ఆగిన కట్టడాల అడుగు అంతస్తులు. వారం వారం చోటు మారుతుంది. ఆ సాయంత్రం దాకా ఎక్కడో ఎవరికీ తెలియదు, ఫోనుకి వస్తుంది. జనరేటరు, రెండు నిలువెత్తు స్పీకర్లు, చీకటి. రెండొందల మంది పిల్లలు. ఎవరి అసలు పేరు ఎవరికీ తెలియదు.

"పాటలా?"

"పాటలు కాదమ్మా. మాటలుండవు. దడ దడ ఒకటే. కాసేపటికి నీ గుండె నీ లోపల కాదు, బయట కొట్టుకుంటున్నట్టుంటుంది."

 అదేదో తియ్యని కల చెప్తున్నట్టు చెప్పింది.

"అంత చీకట్లో ఏముందని వెళ్తారే?"

"అక్కడ ఎవరూ ఎన్ని మార్కులొచ్చాయని అడగరు."

ఆయనకి తెలిస్తే ఆ రోజే చదువు మాన్పించి తనతో తీసుకుపోతారు. ఇంక వెళ్ళనని మాటిస్తే చెప్పనన్నాను. మాట ఇచ్చిందని రాయడానికి కలం పెట్టాను. ఆలోచిస్తే, ఇవ్వలేదు. తల ఊపింది. అది ఊగడం కూడా కావచ్చు, పొద్దున్నుంచీ ఊగుతూనే ఉంది.

జూన్ 14, శనివారం

ఆయన వచ్చారు. రేపు మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. ఈ ఒక్క రాత్రి గడిస్తే చాలు.

సాయంత్రం ఆరింటికి అమ్మాయి ఫోను తీసుకున్నాను. గదికి బయట గడియ పెట్టాను. తలనొప్పితో పడుకుందని ఆయనకి చెప్పాను.

ఏడూ ఇరవైకి ఫోనుకి మెసేజీ వచ్చింది. మిడత.

"మొద్దూ, ఎక్కడ చచ్చావ్? ఈసారి మన వెనకే. ఐస్ ఫ్యాక్టరీ, వెనక షట్టరు. తలుపు దగ్గరున్నా. నువ్వు లేకుండా ముద్ర వెయ్యనంటున్నాడు. రాకపోతే పైకొచ్చి ఎత్తుకుపోతా."

మా వంటింటి కిటికీ తీస్తే కనబడేది ఆ ఐస్ ఫ్యాక్టరీ వెనక గోడే. మూతపడి తొమ్మిదేళ్ళయింది.

అది అన్నంత పనీ చేస్తుంది. పైకొస్తుంది, తలుపు బాదుతుంది. ఆయన హాల్లోనే కూర్చున్నారు.

అందుకని రాశాను. "నువ్వు లోపలికెళ్ళు, నేను వెనకాలే వస్తా."

"ఒట్టు?" అని వచ్చింది.

"ఒట్టు" అని రాశాను.

తర్వాత అన్నీ చెరిపేశాను. రాత్రి గరిటెల స్టాండు సన్నగా వణికింది. ఆయన పేపరులోంచి తలెత్తి, "లారీలు ఎక్కువయ్యాయి" అన్నారు.

ఇంట్లో గొడవ లేకుండా గడిచింది.

జూన్ 15, ఆదివారం

ఉదయం 6.10. సింకు కింద పైపులో చప్పుడు. మూడుసార్లు, ఆగి, మళ్ళీ మూడుసార్లు. మోటారు వేసినట్టున్నారు.

ఏడింటికి టైలరమ్మ పైకి వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.

"అక్కా, మాది మీ ఇంట్లో పడుకుందా?"

"లేదమ్మా."

"నిన్న సాయంత్రం మీ అమ్మాయి దగ్గరికే అని చెప్పి వెళ్ళింది."

అమ్మాయి గదిలోంచి వచ్చింది. "రాత్రంతా నేనిక్కడే ఉన్నా పిన్నీ. బయట గడియ పెట్టింది అమ్మే." నా వైపు తిరిగి అడిగింది. "మిడత మెసేజీ పెట్టలేదా?"

"లేదు."

ఫోను తిప్పి తిప్పి చూసింది. 

టైలరమ్మా, అమ్మాయీ కలిసి తెలిసిన ఇళ్ళన్నీ తిరిగారు. పోలీసులు ఫొటో తీసుకుని, ఈ వయసులో మామూలేనమ్మా, రెండు రోజులు చూడండి, డబ్బులైపోతే అదే వస్తుంది అన్నారట. ఆయన మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయారు. "పిల్లని అదుపులో పెట్టుకోలేని మనిషి" అన్నారు టైలరమ్మని. నేను టిఫిన్ డబ్బా సంచిలో సర్దాను.

చప్పుడు: 6.10, 7.45, 9.30, 11.00, 1.20, 2.05, 4.40, 6.15, 9.00. తొమ్మిది సార్లు.

మోటారు ఆదివారం వెయ్యరు. శనివారమే ట్యాంకు నింపుతారు. ఎవరో మర్చిపోయి వేసుంటారు.

జూన్ 16, సోమవారం

ఏడు సార్లు.

నేను రాసింది అయిదు మాటలు. తర్వాత ఇంకొకటి. ఆరు. ఆరు మాటలకి ఎవరికైనా ఏమవుతుంది? అది వెళ్ళాలనుకుంది, వెళ్ళింది. నేను వెళ్ళకు అని రాసినా వెళ్ళేదే. అక్కణ్ణించి ఇంకెవరితోనో ఇంకెక్కడికో పోయుంటుంది. అంతమందిలో ఒక్కత్తే ఎలా మిగులుతుంది?

సింకు కింద అంట్లగుడ్డ చుట్టాను పైపుకి. చప్పుడు తగ్గింది.

జూన్ 17, మంగళవారం

టైలరమ్మ మిషను తొక్కుతూనే ఉంది. ఎవరివో లంగాలు. "చేతులూరుకుంటే పిచ్చెక్కుతుందక్కా" అంది. నేను మెట్ల దగ్గరే నిలబడ్డాను.

"మీరు దేన్నీ మర్చిపోరు కదా. శనివారం దాన్ని చివరిసారి ఎప్పుడు చూశారో కాస్త గుర్తు చేసుకుని చెప్పండక్కా. నాకు బుర్ర పనిచెయ్యట్లేదు."

"అయిదుంపావుకి. ఈ మెట్ల మీదే. నీలం చెప్పులు. కుడికాలి చెప్పుకి బకిలు వదులుగా ఉంది, నడుస్తుంటే టకటకలాడుతోంది."

"చూశారా, తల్లిని, నాకు చెప్పులే గుర్తులేవు" అని ఏడ్చింది.

రాత్రి అన్నం దగ్గర అమ్మాయి ముద్ద కలిపి అలాగే కూర్చుంది. ఊళ్ళోని గోదాములన్నీ చూసొచ్చిందట. 'కింద' వాళ్ళెవరూ ఫోనెత్తడం లేదట. శనివారం పోలీసులొస్తున్నారని పుకారు పుట్టి, మధ్యలోనే అందరూ పరిగెత్తారని ఒకడు చెప్పాడు. ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పకుండా పెట్టేశాడు.

"కానీ అది వెళ్ళుండదమ్మా. నేను లేకుండా కిందకి వెళ్ళదు."

"ఎందుకు వెళ్ళదు?"

"మాకో పద్ధతుంది. ఎవరూ ఒంటరిగా లోపలికి పోకూడదు. ఇద్దరిద్దరికీ ఒకే అంకె వేస్తారు. ఒకళ్ళు రాకుండా రెండోవాళ్ళు పైకి రాకూడదు. నిప్పంటుకున్నా సరే, జత కోసం ఆగాలి. ఒకసారి అలా వదిలేసి పైకొచ్చిన పిల్లని మళ్ళీ ఎవరూ పలకరించలేదు."

"మరి జత అసలు లోపలికే రాకపోతే?"

అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "వస్తానని రాకపోవడం ఉండదమ్మా."

అయిదు సార్లు. గుడ్డ చుట్టినా వినిపిస్తోంది. మూడు, ఆగి, మూడు. మోటారు లెక్కపెట్టుకుని తిరగదు.

రేపు చెప్తాను. ఎవరికి చెప్పాలి, ఏమని మొదలుపెట్టాలి? ఐస్ ఫ్యాక్టరీ అంటే, మీకెలా తెలుసంటారు. అక్కడితో మొత్తం బయటికొస్తుంది. ఒకవేళ అక్కడ లేకపోతే? ఊరికే నోరు జారినట్టవుతుంది.

జూన్ 18, బుధవారం

రెండు.

ఆయనకి ఫోన్ చేశాను. భోంచేశారా అని అడిగి పెట్టేశాను.

జూన్ 19, గురువారం

తెల్లవారుజామున నాలుగింటికి లేచి సింకు ముందు పీట వేసుకున్నాను. గుడ్డ విప్పేశాను. గంట అయిదైంది. ఆరు. ఏడు. పైపు మీద చెయ్యి పెట్టాను, తర్వాత చెవి పెట్టాను. ఎనిమిది. అమ్మాయి టైలరమ్మతో వెళ్ళిపోయింది. తొమ్మిది.

ఏమీ లేదు. మోటారే అయితే నాకు నిశ్చింతగా ఉండాలి.

చెప్పులు కూడా లేకుండా వీధి చివర తాళాలు బాగుచేసే ముసలాయన దగ్గరికి పరిగెత్తాను.

"ఇంటి తాళమా అమ్మా?"

"ఐస్ ఫ్యాక్టరీది. వెనక షట్టరు."

"అది మీదా?"

"లోపల పిల్ల ఉంది" అన్నాను. తర్వాత ఏడుపొచ్చింది. "చప్పుడు విన్నాను బాబాయ్. ఇప్పుడు వినబడట్లేదు."

 ముసలాయన దుకాణం తెరిచే ఉంచి సుత్తీ ఉలీ పట్టుకొచ్చాడు. షట్టరుకి కొత్త తాళం వేసుంది. కొట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

లోపల మెట్లు కిందికి. అడుగున పెద్ద హాలు. నేలంతా నీళ్ళసీసాలు, చెవుల్లో పెట్టుకునే స్పాంజి ముక్కలు. గోడలకి మూరెడు మందాన బెరడు పలకలు. చలిని బయటికి పోనివ్వకుండా కట్టిన గోడలు, అరుపునీ పోనివ్వవు. నేను దాని పేరు పెట్టి పిలిచాను. నా గొంతు నా నోటి దగ్గరే పడిపోయింది.

హాలు చివర ఇంకో గది. బీరువా తలుపంత బరువైన తలుపు. లోపలివైపు పిడి విరిగిపోయి ఉంది.

మిడత పైపుకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆ పైపు కీలులోంచి చుక్క చుక్కగా నీళ్ళు. కుడిచేతిలో నీలం చెప్పు. ఒళ్ళో ఛార్జింగు అయిపోయిన ఫోను, ఆ గోడల మధ్య సిగ్నలూ అందదు. పెదవులు పగిలిపోయాయి. మోకాలు కదలడం లేదు. పదకొండేళ్ళలో అది కదలకుండా ఉండగా చూడటం ఇదే మొదటిసారి.

ముసలాయన టార్చి వెలుతురు మొహం మీద పడగానే కళ్ళు మూసుకుని నోటి మీద వేలు పెట్టుకుంది.

"ష్... గట్టిగా మాట్లాడకండి పెద్దమ్మా. ఇప్పుడే నిద్రపోయింది."

"ఎవరే?"

పక్కకి చూపించింది. పక్కన ఖాళీ నేల. దాని చున్నీ మడతపెట్టి పరిచి ఉంది, ఎవరికో తలకింద పెట్టినట్టు.

జూన్ 21, శనివారం

ప్రాణానికి భయం లేదన్నారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే, అని డాక్టరు ఆ మాట పూర్తి చెయ్యలేదు. అందరూ పరిగెత్తినప్పుడు జత కోసం ఆగి ఆ గదిలో దాక్కుందట, తలుపు వెనక మూసుకుపోయింది.

అందరూ నా చెవుల గురించే మాట్లాడుతున్నారు. "ఏం చెవులమ్మా, గోడవతల చప్పుడు పట్టేశావు!" టైలరమ్మ ఆస్పత్రి వరండాలో నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. తడి తగిలింది. చేతులు వెనక్కి తీసుకోలేకపోయాను.

ఆయన ఫోన్లో, "శభాష్" అన్నారు. పెళ్ళయ్యాక ఆ మాట వినడం ఇదే మొదలు.

జూన్ 24, మంగళవారం

మిడతని ఇంటికి తెచ్చారు. అమ్మాయి మూడేసి మెట్లు దూకుతూ కిందకి వెళ్ళింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

"గోడవైపు తిరిగి పడుకుంది. 'వస్తానని ఒట్టేసి రాలేదు. వచ్చి కూడా మొహం చూపించలేదు' అంటోంది."

"జ్వరంలో ఏదో అంటుంది."

"జ్వరం కాదమ్మా. ఛార్జింగు పెట్టి తన ఫోను చూపించింది. మెసేజీ ఉంది. నా ఫోను నుంచి వెళ్ళింది. వెనకాలే వస్తా అని. ఒట్టు అని." నా మొహంలోకి చూసింది. "ఫోను నీ దగ్గరే ఉంది కదా."

"ఉంది."

"నువ్వేమైనా రాశావా?"

"నాకా గొడవలన్నీ ఎక్కడొచ్చే!"

ఈ ఇంట్లో కరెంటు బిల్లు కట్టేదీ, గ్యాసు బుక్ చేసేదీ, ఆయన టికెట్లు తీసేదీ నా ఫోనులో నేనే. అది నవ్వలేదు కూడా. గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది.

జూన్ 25, బుధవారం

అమ్మాయి తినలేదు.

జూన్ 26, గురువారం

అమ్మాయి తినలేదు.

మధ్యాహ్నం కునుకు పట్టింది. చప్పుడుకి మెలకువొచ్చింది. మూడు, ఆగి, మూడు.  పిల్లని తీసుకొచ్చేశాం కదా, మరి అక్కడ ఇంకా ఎవరున్నారు? దాని పక్కన నిద్రపోయినదా?

వంటింట్లోకి వెళ్ళాను. సింకు కింద, చీకట్లో, అమ్మాయి ముడుచుకుని కూర్చుంది. చేతిలో స్పూను.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

"వినిపిస్తుందా లేదా అని చూస్తున్నా." మళ్ళీ కొట్టింది. "నువ్వు గదిలో పడుకునుండగా, నిద్రలో కూడా వినిపించింది కదా. నేను నాలుగు రోజులూ పిన్నితో వీధులు తిరిగాను. నువ్వు ఇల్లు కదల్లేదు."

నేను చెయ్యి చాపి కిందున్న గుడ్డ అందుకోబోయాను.

"ఈ గుడ్డ ఎందుకమ్మా ఇక్కడ? ముడుల గుర్తులున్నాయి దీనికి."

జూన్ 28, శనివారం

ఈ పూట జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పదింటికి అమ్మాయిని వెంటబెట్టుకుని కిందకి వెళ్ళాను. టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో జాకెట్టు అంచు కుడుతోంది. వెనకాల మంచం మీద మిడత.

"ఆ మెసేజీ రాసింది నేను" అన్నాను. నిలబడే చెప్పాను. కూర్చుంటే ఏడుస్తానని, ఏడిస్తే ఓదారుస్తారని.

టైలరమ్మ సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిండుకి గుచ్చింది. 

"ఆదివారం పొద్దున నేను పైకొచ్చి అడిగాను."

"అడిగావు."

"అప్పటికి మీకు తెలుసు."

"ఎక్కడికి వెళ్ళిందో తెలుసు."

"సోమవారం?"

"చప్పుడు వినిపించింది. మోటారనుకున్నాను." అక్కడ ఆగాను. "లేదు. అనుకోలేదు. మోటారని రాసుకున్నాను."

"మంగళవారం నేను ఏడిస్తే మీరు చెప్పుల రంగు చెప్పారు."

"చెప్పాను."

"బుధవారం?"

"బుధవారం కూడా."

"పదకొండేళ్ళు, అక్కా, ఇంటి తాళాలు మీ దగ్గర పెట్టి వెళ్ళాను" అంది. అరిచుంటే బాగుండేది. తలుపు వైపు చూపించింది. "వెళ్ళండి. మళ్ళీ ఈ గడప తొక్కకండి."

అమ్మాయి గోడకి ఆనుకుని నా వైపు చూడకుండా నిలబడింది. నేను వెనక్కి తిరిగాను.

"అమ్మా, ఒక్క నిమిషం. పెద్దమ్మని ఉండనీ." మంచం మీంచి మిడత. గొంతు ఇంకా గరగరగానే ఉంది. "ఇలా రండి. కూర్చోండి. చెయ్యివ్వండి."

ఇచ్చాను. అది కళ్ళు గట్టిగా మూసుకుని నా చేతిని రెండు చేతులతో తడిమింది. వేళ్ళు, గోళ్ళు, అరచెయ్యి, గాజులు.

"లోపల నాతో ఒకళ్ళున్నారు పెద్దమ్మా. చెయ్యి పట్టుకునే ఉన్నారు. అరవకు, వస్తున్నా, వెనకాలే వస్తున్నా అని చెవిలో చెప్తూనే ఉన్నారు. ఇది మొద్దే అనుకున్నా. రాసింది మీరంటే, అక్కడున్నది కూడా మీరేనేమో అని..." మళ్ళీ ఒకసారి తడిమింది. "కాదు. ఈ చెయ్యి కాదు."

వదిలేసింది.

"నువ్వు రావే" అంది అమ్మాయిని. అమ్మాయి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపింది. మిడత అలాగే కళ్ళు మూసుకుని చాలాసేపు తడిమి చూసింది. 

"ఇదీ కాదు" అంది.

అమ్మాయి మొహం పాలిపోయింది. చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"ఉండవే మొద్దూ." మిడత కళ్ళు తెరిచి దాన్ని లాగి పట్టుకుంది. "అది పోతే పోయిందిలే. ఇది ఉంచుకుంటా."

అమ్మాయి దాని మెడలో తల దాచుకుని ఏడ్చింది. దుప్పటి కింద మిడత మోకాలు మెల్లగా ఆడటం మొదలైంది. టైలరమ్మ అటు తిరిగి మిషను మీద తల ఆనించుకుంది.

నా చెయ్యి దుప్పటి మీద పెట్టినచోటే ఉంది. తియ్యమని ఎవరూ అనలేదు. పట్టుకోనూ లేదు.